పాత పలుపు

కాకినాడ కాజాల డబ్బా చూడగానే స్వర్ణలత గుండెల్లో రాయి పడింది. ఊరికే ఎవరూ తీపి తెచ్చి పెట్టరు. ఆమె నలభై ఆరేళ్ళ అనుభవంలో తీపి పట్టుకొచ్చేవాళ్ళు రెండే రకాలు: పెళ్ళికి పిలవడానికి వచ్చేవాళ్ళు, దేన్నో ఒకదాన్ని వదిలించుకోవడానికి వచ్చేవాళ్ళు. వరప్రసాద్ సారు కూతురు సంయుక్తకు ఇంకా తొమ్మిదేళ్ళే. అంటే ఇది పెళ్ళి పిలుపు కాదు.

మధ్యాహ్నం మూడు దాటింది. ఎయిర్‌పోర్టు హౌస్‌కీపింగ్ వ్యాను ఆమెను శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద దింపేసి పోయింది. పొద్దున నాలుగింటికి లేచిన మనిషి. ఎనిమిది గంటలు అద్దాలు తుడిచి, బాత్‌రూములు కడిగి, ఏ దేశాలకో పోయేవాళ్ళు నేల మీద ఒలకబోసిన కాఫీ మరకలు తుడిచి తుడిచి, పాదాలు పూరీల్లా పొంగి ఇంటికొచ్చింది. గేటు తీస్తే వాకిట్లో రేకుల కింద, నులక మంచం మీద వరప్రసాద్, ఆయన భార్య మంగాదేవి ఒద్దికగా కూర్చుని ఉన్నారు. ఆ మంచం అత్తది. అత్త పోయిన ఆరు నెలల నుంచి దాని మీద ఎవరూ కూర్చోలేదు. పాపం, తెలియక కూర్చున్నవాళ్ళను ఏమంటుంది.

నాలుగేళ్ళ కింద ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో కాకినాడ నుంచి వచ్చి, అదే గల్లీలో మూడిళ్ళ అవతల కిరాయికి దిగారు వాళ్ళు. వరప్రసాద్‌కు సరుకు విమానాల దగ్గర ఏదో కంపెనీలో ఉద్యోగం. మంచివాళ్ళే. వాళ్ళకొక కుక్క ఉంది. పేరుకు కుక్కే గానీ, గ్రేట్ డేన్ జాతిది, నిలబడితే స్వర్ణలత నడుము దాటుతుంది. బూడిద రంగు ఒళ్ళు, వేలాడే పెదాలు, లోకంలో ఉన్న దిగులంతా తనకే అప్పజెప్పినట్టుండే కళ్ళు. దాన్ని గల్లీలో నడిపిస్తుంటే ముసలివాళ్ళు గోడకు ఒదిగి నిలబడి, “సారూ, గిది కుక్కనా, దూడనా?” అని అడిగేవాళ్ళు. దాని పేరు మేజర్.

“మాకు వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయిందండి,” అన్నాడు వరప్రసాద్. “ఆదివారం లారీ వస్తోంది. కంపెనీ వాళ్ళిచ్చిన ఫ్లాటు నాలుగో అంతస్తండి. పెద్ద కుక్కల్ని రానివ్వరట.”

స్వర్ణలత చెప్పులు విడిచి, తొట్టి దగ్గరికి పోయి కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంది.

“పది రోజులండి అక్కగారూ,” అంది మంగాదేవి వెనక నుంచి. “పదే పది రోజులు. అక్కడ కాస్త ఖాళీ స్థలమున్న ఇల్లు చూసుకుని, ఆయనే వచ్చి తీసుకెళ్ళిపోతారు.”

స్వర్ణలతకు నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక ఊరుకుంది.

పది రోజులు అనే మాట ఆ ఇంటికి కొత్త కాదు. ఎయిర్‌పోర్టు కింద భూములు పోయినప్పుడు పొరుగింటి మల్లేశ్వర్ వాళ్ళు జల్‌పల్లి వైపు వెళ్ళిపోతూ, “పది రోజుల్ల ఇల్లు సదురుకొని తీస్కపోతం వదినా,” అని తమ నల్ల కుక్కను గేటు దగ్గర కట్టేసి పోయారు. దాని పేరు కర్రె. ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు దాని కళ్ళ మీద పొర కమ్మింది, గోడలు తడుముకుంటూ నడుస్తుంది. ఒక చెవి లేని పిల్లి, మూడేళ్ళ కింద పక్క పోర్షన్ ఖాళీ చేసి పోయిన నర్సమ్మది. రెండు కోళ్ళు ఆడబిడ్డ అమృతమ్మవి. తిరుపతికి పోతూ అప్పజెప్పింది, దర్శనం చేసుకుని వచ్చాక, “ఉండనీ వదినా, నీ చేతికే మంచిగ మేస్తున్నయ్,” అంది. చేతికి మంచిగా మేసేవన్నీ స్వర్ణలత చేతికే వస్తాయి.

అన్నిటికన్నా పెద్ద పది రోజులు అత్త కొండమ్మవి. అత్తాపూర్‌లో ఇల్లు కట్టుకున్న పెద్దకొడుకు రాఘవేందర్, “ఇంటికి సున్నాలేస్తున్నం, అమ్మకు దగ్గొస్తది, పది రోజులు ఉంచుకోండ్రి,” అని కారులో తెచ్చి దింపాడు. ఆ సున్నాలు మూడేళ్ళు ఆరలేదు. రెండో ఏడు నుంచి అత్త మంచం దిగలేదు. ఎత్తడం, కడగడం, తినిపించడం అన్నీ స్వర్ణలతే, డ్యూటీకి ముందొకసారి, వచ్చాకొకసారి. చివరికి అత్త పోయాక రాఘవేందర్ వచ్చి దినాలు పూర్తయ్యేదాకా ఉన్నాడు. ఇచ్చిన మాట ప్రకారం పది రోజులు.

దినాలయిన మర్నాడు స్వర్ణలత ఆ నులక మంచాన్ని ఫినాయిలు పోసి కడుగుతూ ఒట్టు పెట్టుకుంది. ఇక ఈ గేటు లోపలికి కొత్త ప్రాణి రాదు. ఉన్నవాటిని సాగనంపుతుంది, అంతే. కర్రె పోతుంది, పిల్లి పోతుంది, కోళ్ళ సంగతి కోళ్ళే చూసుకుంటాయి. ఆ తర్వాత తను ఒక రోజంతా పడుకుంటుంది. ఎవరూ పిలవకుండా, ఎవరికీ నీళ్ళు పెట్టకుండా, తెల్లవారి నుంచి పొద్దుగూకేదాకా. ఆమె ఈ లోకంలో కోరుకున్నది ఇదొక్కటే, బంగారం అడగలేదు, బంగళా అడగలేదు.

“నాతోని కాదు సారు, నిజం చెప్తున్న,” అంది కాళ్ళు తుడుచుకుంటూ. “మా కర్రె ముసలిది, కండ్లు కనబడవు. మీ మేజర్ ఒక్కటి వేస్తే మళ్ళ లేవదు.”

“వాడు చీమకైనా హాని చెయ్యడండి. వాడికి ఒళ్ళు పెరిగిందే కానీ...”

ఇంతలో భర్త బాలమల్లు వచ్చాడు. నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. ఆ ఎండాకాలం కొత్త కాలనీల్లో బోర్లన్నీ ఎండిపోయి అతనికి తిండి తినే తీరిక లేదు. సంగతి విని మొహం విప్పారింది. భూమితోపాటు బర్రెలను అమ్మేసినప్పటి నుంచి, పెద్ద ఒళ్ళున్న జీవం ఏది కనబడినా అతని చెయ్యి నిమరడానికి లేస్తుంది.

“పది రోజులే గదనే స్వర్ణా,” అన్నాడు. “వాకిలి నిండుగుంటది.”

నిండుగా ఉండే వాకిలి ఊడ్చేది ఎవరని ఆమె అడగలేదు. “సరే, చూద్దాం,” అంది. స్వర్ణలత నోట ‘చూద్దాం’ అంటే ఒప్పుకున్నట్టేనని ఆ గల్లీలో పిల్లిక్కూడా తెలుసు. వాళ్ళు కాజాల డబ్బా మంచం మీదే వదిలి, దండాలు పెట్టి వెళ్ళిపోయారు.

శనివారం సాయంత్రం మేజర్‌ను తెచ్చారు. పశువుల డాక్టరు చెప్పినట్టే చేశారు: రెండు కుక్కలనూ ఇంట్లో ఎదురుపడనివ్వకుండా, ముందుగా ఇంటి వెనక ఉన్న ఖాళీ ప్లాటులో పక్కపక్కన నడిపించారు. వరప్రసాద్ గొలుసు పట్టుకుని ఒక పక్క, బాలమల్లు తాడు పట్టుకుని ఇంకో పక్క. కర్రె ఆ కొత్త వాసనకు మొదట గుర్రుమంది. మేజర్ అంత తలనూ నేలకు దించి, ముసలిదాని ముందు నిలబడింది. కర్రె దాని కాళ్ళ మధ్య నుంచి ఒక చుట్టు తిరిగొచ్చి, ఇదేదో గోడ అనుకున్నట్టు కాలెత్తింది. బాలమల్లు పొట్ట పట్టుకుని నవ్వాడు. పిల్లి ప్రహరీ ఎక్కి మూడింతలు ఉబ్బింది. కోళ్ళను గంప కింద కమ్మారు. ఇంత సులువుగా అయిపోయిందేమిటని స్వర్ణలతకు అనుమానం వచ్చింది. ఆమె జీవితంలో సులువుగా మొదలైనదేదీ సులువుగా ముగియలేదు.

మంగాదేవి ఒక కాగితం ఇచ్చింది. పొద్దున ఏం పెట్టాలి, సాయంత్రం ఏం పెట్టాలి, మోచేతులు ఒరుసుకుపోకుండా కింద ఏ పరుపు వెయ్యాలి, తిన్న వెంటనే ఎందుకు పరిగెత్తించకూడదు, రెండు వైపులా రాసి ఉంది. బాలమల్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “నా లగ్గానికి గూడ గింత పెద్ద లిస్టు రాయలేదమ్మా,” అన్నాడు. మంగాదేవి నవ్వబోయి ఏడ్చేసింది.

వరప్రసాద్ గొలుసును రేకుల షెడ్డు ఇనుప స్తంభానికి కట్టాడు. వంగి, మేజర్ చెవిలో చెప్పినట్టుగానే చెప్పినా అందరికీ వినబడింది.

“పది రోజుల్లో వచ్చేస్తానురా. బుద్ధిగా ఉండు.”

ఇక వెనక్కి తిరిగి చూడకుండా భార్యను పట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే లారీ కదిలిన చప్పుడు మూడిళ్ళ అవతల నుంచి వినబడింది. మేజర్ లేచి నిలబడింది. లారీ మెయిన్ రోడ్డెక్కి చప్పుడు ఆగిపోయాక కూడా చాలాసేపు అలాగే నిలబడి, తర్వాత గేటుకు ఎదురుగా ఒరిగింది.

అప్పటి నుంచి అది తినలేదు. కాగితంలో రాసినట్టు కోడికూర అన్నం పెడితే వాసన కూడా చూడలేదు. బాలమల్లు చికెన్ దుకాణం నుంచి కాళ్ళు, తలకాయలు తెచ్చి ఉడికించాడు. పెరుగన్నం కలిపి చేత్తో పెదవికి రాశాడు. ముఖం పక్కకు తిప్పుకుంది, అంతే. నీళ్ళు మాత్రం తాగేది. అరవదు, మూలగదు. గల్లీలో కారు చప్పుడైతే తల లేపుతుంది, కారు పోగానే దించుతుంది. పైన పావుగంటకొక విమానం ఇంటి కప్పు తీసుకుపోయేలా వెళ్తున్నా దాని చెవి కదలదు. తెల్లారి నాలుగింటికి స్వర్ణలత లేస్తే గేటు వైపే చూస్తూ ఉంటుంది, మూడింటికి తిరిగొస్తే అలాగే చూస్తూ ఉంటుంది. ఐదు రోజులకు పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి.

ఆరో రోజు మధ్యాహ్నం ఆమె బకెట్టుతో బట్టలు ఆరేస్తుంటే, కర్రె వాసన పట్టుకుని తడుముకుంటూ వచ్చి, మేజర్ ముట్టని గిన్నెలో మూతి పెట్టింది. ఆరు రోజులుగా కదలని ఆ కొండ ఒక్కసారిగా లేచింది. స్వర్ణలతకు కనబడింది బూడిద రంగు గోడ ఒకటి మీద పడటం, వినబడింది దాని కింద నుంచి కర్రె కీచుగొంతు. ఆమె ఏం చేసిందో ఆమెకే తెలియదు. తడి బట్టలతో సహా బకెట్టు నీళ్ళు వాటి మీద కుమ్మరించి, గొలుసు పట్టుకుని వెనక్కి లాగి, బండల మీద జారి మోకాలు చెక్కుకుంది. మేజర్ వదిలేసింది. వదిలేసి, తను చేసిన పనికి తనే భయపడినట్టు స్తంభం వెనక్కి పోయి నక్కింది. కర్రె చెవి రెండుగా చీలింది. డాక్టరు వచ్చి ఐదు కుట్లు వేసి, “తిండి గిన్నె దగ్గర ఏ కుక్కయినా అంతేనమ్మా, ఆకలితో ఉన్నదైతే మరీనూ. గిన్నెలు వేరు చెయ్యాలి, నెలల తరబడి కనిపెట్టుకుని ఉండాలి,” అన్నాడు.

నెలల తరబడి అన్న మాట విని స్వర్ణలత గడప మీదే కూలబడి ఏడ్చింది. నొప్పికి కాదు, కోపానికి కాదు. అలసిపోయి ఏడ్చింది. మూలిగే నక్క మీద తాటికాయ పడితే నక్క ఏం చేస్తుంది, ఇంకొంచెం మూలుగుతుంది.

ఆ సాయంత్రం బాలమల్లు ఆమె మోకాలికి పసుపు పెడుతూ నెమ్మదిగా చెప్పాడు. “జల్‌పల్లి కాడ అనంతయ్య ప్లాట్ల వెంచరు ఉన్నది గద, నేను నీళ్ళు పోసే కాడ. సలాక, సిమెంటు దొంగలు ఎత్తుకపోతున్నరంట. పెద్ద కుక్క కావాలంటున్నడు. రేపు పొద్దున డీసీఎం వ్యాను తోల్కొచ్చి తీస్కపోతనన్నడు.”

“మంచిగ చూస్కుంటడా?”

“తిండి పెడ్తడు. ఎండల కట్టేసే ఉంచుతడు గావచ్చు. ఆడ చెట్టు లేదు.” కాసేపు ఆగి, “ఏం జెయ్యాలె మరి. నువ్వు సచ్చిపోతవ్ గిట్లయితే,” అన్నాడు.

“పంపు,” అంది స్వర్ణలత.

అన్నాక, ఎందుకైనా మంచిదని వరప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఆయన ఇంకో పది రోజులు పట్టేలా ఉందన్నాడు. కర్రె చెవి సంగతి విని అయ్యయ్యో అన్నాడు. జల్‌పల్లి మాట విన్నాక “మీ ఇష్టమండి. వాళ్ళు మంచివాళ్ళయితే... మీకూ ఇబ్బంది కదా,” అన్నాడు చివరికి. ఆ గొంతులో బాధ ఉంది, బాధతో పాటు బరువు దించుకున్నవాడి ఊపిరి కూడా ఉంది. ఆ ఊపిరి స్వర్ణలతకు తెలుసు. అత్తను దింపి కారెక్కేటప్పుడు బావగారు వదిలిన ఊపిరి అదే.

మర్నాడు ఆమెకు వారపు సెలవు. అనంతయ్య వచ్చేలోగా కుక్కను కడిగి పంపుదామని బకెట్టు, గుడ్డ పట్టుకుని మేజర్ ముందు కూర్చుంది. పోయేది ఏదైనా శుభ్రంగా పోవాలి. ముఖం తుడిచింది, మెడ తుడవబోతే బెల్టు అడ్డమొచ్చింది. వెడల్పాటి తోలు బెల్టు, దానికో ఇత్తడి బిళ్ళ. బిళ్ళ మీద మేజర్ అని, కింద వరప్రసాద్ అని, ఫోన్ నంబరూ చెక్కి ఉన్నాయి. బిళ్ళను గుడ్డతో రుద్దుతూ రుద్దుతూ స్వర్ణలత చెయ్యి ఆగిపోయింది.

ఆమె తండ్రి బుచ్చయ్య నార్సింగి అంగడిలో పశువుల బేరగాడు. నోట్లో బీడీ, భుజాన తువ్వాల, మాట కరుకు. కానీ ఒక్క విషయంలో ఎవరి మాటా వినేవాడు కాదు. బేరం కుదిరాక, పశువు మెడలో ఉన్న పలుపును అమ్మినవాడే తన చేత్తో విప్పుకోవాలి. పాత తాడుతో పశువును తోలనిచ్చేవాడు కాదు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చి వెయ్యాలి. పాతది విప్పాక, కొత్తది వేసేలోగా ఒక్క నిమిషం పశువు మెడ ఖాళీగా ఉంటుంది. ఆ నిమిషంలో అమ్మినవాడు దాని నుదుటి మీద చెయ్యి పెట్టి ఉన్నమాట చెప్పాలి: నిన్ను ఇచ్చేసిన, ఇగ నువ్వు నా దానివి గావు, ఆ ఇంటికి పో. కళ్ళనీళ్ళు పెట్టుకున్నా సరే, చెప్పి తీరాలి. ఒకసారి ఎవరో తొందరపడి పాత పలుపుతోనే ఎద్దును తోలుకుపోతే, అది కొత్త ఇంట మూడు రోజులు గడ్డి ముట్టక, నాలుగో రోజు తాడు తెంపుకుని పాత యజమాని వాకిట్లో వచ్చి నిలబడింది. “నోరు లేని జీవాన్ని మోసం చెయ్యరాదు బిడ్డా. వాడు ఇచ్చిండో, దాసిపెట్టిండో దానికి ఎట్ల తెల్వాలె?” అనేవాడు బుచ్చయ్య.

బుచ్చయ్య కూతురై పుట్టి తను చేసిందేమిటి? పాత పలుపుతోనే కట్టించుకుంది. పది రోజులని చెవిలో చెప్పించి మరీ కట్టించుకుంది. ఇచ్చినవాడు ఇవ్వలేదు, పుచ్చుకున్నది పుచ్చుకోలేదు. మధ్యలో ఈ నోరు లేనిది, దాని మెడలో ఉన్న పేరు కోసం గేటు వైపు చూడక ఏం చేస్తుంది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ బిళ్ళ పట్టుకున్న చేతికి ఇంకో మెడ గుర్తొచ్చింది, ముడతలు పడ్డ మెడ. ఇదే రేకుల కింద, గేటుకు ఎదురుగా ఉండే మంచం. రోజూ సాయంత్రం, “పెద్దోడు వచ్చిండా?” అనేది అత్త. “రేపు వస్తడట అత్తా, ఫోన్ చేసిండు,” అనేది తను. ఏ ఫోనూ లేదు. “గేటుకు గొళ్ళెం పెట్టకు, వాడొస్తే తీసేటోళ్ళు ఉండరు,” అనేది అత్త. పెట్టేది కాదు తను. మూడేళ్ళు అబద్ధం చెప్పింది. మంచి మనసుతోనే చెప్పింది, మంచి మనసూ కాదు, అలసట. నిజం చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే ఊరుకోబెట్టాలి, ఊరుకోబెట్టే ఓపిక లేదు. రేపు వస్తాడంటే పనైపోతుంది. అలా మూడేళ్ళు ఆ మనిషి ఇది తన ఇల్లని అనుకోకుండా, చుట్టంలా బతికి, గేటు వైపు చూస్తూనే పోయింది. రాఘవేందర్ ఒక్కసారి మోసం చేశాడు. తను రోజూ చేసింది.

అనంతయ్య డీసీఎం గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. స్వర్ణలత లేచి పోయి, “ఏమనుకోకన్నా, కుక్కను ఇస్తలేం,” అంది. అనంతయ్య గొణుక్కుంటూ పోయాడు. బాలమల్లు ఆమె ముఖం చూసి, బకెట్టు తీసి పక్కన పెట్టాడు.

అక్కడే నిలబడి వైజాగ్‌కు ఫోన్ కలిపింది. “సారు, ఆదివారం జర వచ్చిపోండ్రి.”

“అక్కగారూ, ఇల్లింకా దొరకలేదండి. ఈ వారంలో...”

“ఇల్లు దొరకదు సారు. మీరు చూస్తలేరు. చూస్తలేరని నాకు ఎరుకే, మీకూ ఎరుకే.” ఆమె గొంతులో కోపం లేదు. కోపానికీ ఓపిక కావాలి. “తిడ్తానికి చెయ్యలేదు. మేజర్‌ను నేనే ఉంచుకుంట. పది రోజులని ఉంచుకోను, ఉన్నన్ని రోజులు ఉంచుకుంట. గాని మీరొచ్చి మీ చేతులతోని ఆ బెల్టు ఇప్పాలె. ఇచ్చేసిన అని దానికి చెప్పాలె. లేకుంటె అది తినది సారు, సస్తది.”

“వస్తానండి,” అన్నాడు వరప్రసాద్.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వరప్రసాద్ ఒక్కడే వచ్చాడు, రైలు ప్రయాణంలో నలిగిన చొక్కాతో. గేటు చప్పుడు కాకముందే మేజర్ లేచింది. తిండి లేక వణికే కాళ్ళతోనే గొలుసు సాగినంత దూరం వచ్చి, ఆయన భుజాల మీద ముందుకాళ్ళు వేసి, ముఖమంతా నాకింది. ఎనిమిది రోజుల తర్వాత మొదటిసారి దాని గొంతు విన్నారు వాళ్ళు. స్వర్ణలతకు ఆ సంతోషం చూడటం కష్టమైంది. తీసుకుపోవడానికే వచ్చాడనుకుంటోంది పిచ్చిది.

“కూర్చోండ్రి సారు,” అని మంచం చూపింది. ఆయన కూర్చోలేదు. మోకాళ్ళ మీద వంగి బెల్టు బకిల్ విప్పాడు. అది చేతిలోంచి రెండుసార్లు జారింది. బెల్టు ఊడిన చోట మెడ చుట్టూ వెంట్రుకలు అరిగిన చార ఒకటి తెల్లగా కనబడింది. మేజర్ ఒళ్ళు విదిలించుకుంది. గేటు సగం తెరిచే ఉంది. అది గేటు వైపు రెండడుగులు వేసి, ‘పోదామా’ అన్నట్టు వెనక్కి తిరిగి ఆయన కోసం నిలబడింది.

“చెప్పుండ్రి,” అంది స్వర్ణలత మెల్లగా.

“నాకు... ఎలా చెప్పాలో తెలియడం లేదండి.”

“మాకు గూడ తెల్వలేదు సారు. అందుకే గింత దూరం వచ్చింది.”

వరప్రసాద్ దాని దగ్గరికి పోయి, నుదుటి మీద చెయ్యి పెట్టాడు. “మేజర్, నిన్ను ఇచ్చేశానురా,” అన్నాడు. “నేను మళ్ళీ రాను. ఇదే నీ ఇల్లు.” అని, ఇక ఆపుకోలేక దాని మెడ మీద ముఖం పెట్టి పిల్లాడిలా ఏడ్చాడు. కుక్కకు మాటలు అర్థమవుతాయని స్వర్ణలత అనుకోలేదు. చెప్పినవాడికైనా అర్థం కావాలి కదా, అది చాలు. ఇంత ఏడుపు మొదటి రోజే ఏడ్చి ఉంటే బాగుండేదని మాత్రం అనుకుంది.

బస్‌స్టాండు దగ్గర కొన్న కొత్త నూలుతాడు పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి ఉంచింది. అది తెచ్చి మేజర్ మెడకు వదులుగా వేసి, రెండు వేళ్ళు దూరుతున్నాయో లేదో చూసి ముడి వేసింది. వరప్రసాద్ రెండు చేతులూ జోడించి, బయటికి నడిచాడు. బెల్టు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చేతిలోనే వేలాడేసుకుని పోతుంటే, గల్లీ మలుపు దాకా ఇత్తడి బిళ్ళ గలగలమంది. మేజర్ తాడును ఒక్కసారి లాగింది, రెండోసారి లాగలేదు. ఆ చప్పుడు ఆగిపోయేదాకా చెవులు నిక్కబెట్టి విన్నది.

స్వర్ణలత పోయి గేటు మూసి గొళ్ళెం పెట్టింది. చాలాకాలంగా వాడక తుప్పుపట్టి అది కదలకపోతే రాయితో కొట్టి మరీ పెట్టింది.

ఆ పగలంతా మేజర్ ఏడ్చింది. సన్నగా, ఊపిరి తీసినట్టు, ఆపకుండా. పిల్లి ప్రహరీ దిగి వచ్చి కాస్త దూరంలో కూర్చుని చూసింది. చెవికి కట్టుతో ఉన్న కర్రెను వంటింట్లో కట్టేసి, దాని గిన్నె దానికక్కడే పెట్టారు. ఇక రోజూ ఇంతే. రెండు గిన్నెలు, రెండు చోట్లు, మధ్యలో తలుపు. ఒక రోజంతా పడుకునే కోరిక ఇంకో ఏడెనిమిదేళ్ళు వెనక్కి జరిగింది. దాన్ని తలుచుకుని ఆమె నిట్టూర్చింది గానీ, పశ్చాత్తాపపడలేదు.

పొద్దు వాలుతుండగా రెండు జొన్నరొట్టెలు చేసి, పాలలో నానబెట్టి, వాకిట్లోకి తెచ్చింది. ఆరు నెలల్లో మొదటిసారి అత్త మంచం మీద కూర్చుంది. నులక కిర్రుమంది. అక్కడి నుంచి చూస్తే గేటు తప్ప ఇంకేమీ కనబడదని ఆమెకు అప్పుడు తెలిసింది. మేజర్ తలను దగ్గరికి లాక్కుంది.

“రాడు కొడుకా,” అంది. “ఇగ రాడు.”

ఎవరికి చెప్పాల్సిన మాట, ఎన్నేళ్ళు ఆలస్యంగా, ఎవరికి చెబుతోందో ఆమెకు తెలుసు. కళ్ళు తుడుచుకోకుండానే రొట్టె ముక్క తుంచి దాని పెదవికి ఆనించింది.

“రాడు. నేనున్న. తిను.”

మేజర్ చాలాసేపు వాసన చూసింది. తర్వాత, ఆమె వేళ్ళకు తగలకుండా, జాగ్రత్తగా ఆ ముక్క అందుకుంది. కళ్ళు ఇంకా గేటు మీదే ఉన్నాయి. నోరు మాత్రం నములుతోంది.